ఇంజిన్ ఆగే చప్పుడు

ఇంట్లో తాళంచెవి ఎక్కడ పెట్టానో రోజూ వెతుక్కుంటాను గానీ, తలమీదుగా పోయే విమానం ఏ రకమో మాత్రం తలెత్తకుండానే చెప్పగలను. నాకు యాభై రెండేళ్ళు. మాసబ్ ట్యాంక్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా ఉద్యోగం. ఈ వయసులో ఈ పిచ్చేంటి అని అడగని చుట్టం లేదు. మా ఆయన అడగడం మానేసి చాలా కాలమైంది. పెళ్ళిచూపులనాడు మా డాబా మీద నిలబడి మాట్లాడుకుంటుంటే మధ్యలో ఆయన్ని ఆపి, పైన పోతున్నదాన్ని చూసి పేరు చెప్పానట. అప్పుడే లేచి వెళ్ళిపోవాల్సింది, తప్పు నాదే అంటారు.

తప్పు ఆయనది కాదు, నాదీ కాదు, అమీర్‌పేటది. మా నాన్న కోస్తా నుంచి బదిలీ మీద వచ్చి అక్కడ ఒక పోర్షన్ అద్దెకు తీసుకున్నారు. అప్పట్లో విమానాలన్నీ బేగంపేటలోనే దిగేవి. మా డాబా మీదుగా ఎంత కిందుగా పోయేవంటే, బట్టలు ఆరేసిన తాడు ఊగేది, కుక్కర్ ఎన్ని కూతలు వేసిందో తెలియక అమ్మ తిట్టుకునేది. నేను మాత్రం పుస్తకం వదిలేసి పైకి పరుగెత్తేదాన్ని. అన్ని విమానాల్లోనూ నా ప్రాణం యుద్ధ విమానాల మీద, వాటిలోనూ మిగ్-21 మీద. ముక్కుకు శంకువు తగిలించిన పొడుగాటి గొట్టం, దానికి రెండు పొట్టి రెక్కలు, అంతే. ఇంత సాదాగా ఉండి అంత పొగరుగా ఉండే వస్తువును నేను ఇంకోదాన్ని చూడలేదు. అది ఎందరు పైలట్ల ప్రాణాలు తీసిందో చెప్పి నన్ను సరిదిద్దాలని చూసేవాళ్ళు బోలెడుమంది. ఆ సంగతి వాళ్ళకంటే నాకే ఎక్కువ తెలుసు, వాళ్ళకంటే నాకే ఎక్కువ బాధ. అయినా ఇష్టం పోలేదు.

మాలాంటివాళ్ళు ఊళ్ళో కొద్దిమందిమి ఉన్నాం. విమానం తోక మీద అంకె చూసి నోటుపుస్తకంలో రాసుకోవడం, ఇది ఫలానా సంవత్సరం మోడల్, కాదు ఆ తర్వాతిది అని కొట్టుకోవడం మా పని. ఆదివారం పొద్దున్నే మధురానగర్‌లో ఒక మిత్రుడి మేడ మీద చేరతాం. అతను అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు చెబుతాడు, వారం పొడవునా మైకు పట్టుకుని అరిచి అరిచి ఆదివారానికి గొంతు పోతుంది. అది మాకు ఒక విధంగా మంచిదే, వాదనలో నేనే గెలుస్తాను.

మాలో చివరగా చేరిన పెద్దాయన నాకు దొరికింది ఒక ప్రింటింగ్ దుకాణంలో. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల కరపత్రాలు అచ్చువేసే చోట నేను మిగ్-21 బొమ్మ ఒకటి పెద్దది చేయించుకుంటున్నాను. నా వెనక వరసలో నిలబడ్డ ఒక ముసలాయన మెడ సాచి చూసి, దుకాణమంతా వినపడేలా, "బర్నర్ ఏసిండు. గా ఎనక మూతి చూడు, మొత్తం తెరుచుకున్నది" అన్నారు. కరపత్రాల కోసం నిలబడ్డవాళ్ళంతా ఇటు తిరిగారు. బర్నర్ అంటే విమానానికి అదనపు ఊపు కోసం ఇంజిన్ వెనక వేసే మంట. ఆ విమానం వెనక భాగం ఎంత తెరుచుకుందో చూసి ఇంజిన్ ఏ స్థితిలో ఉందో చెప్పగలిగిన మనిషిని నేను అంతవరకు పుస్తకాల్లో తప్ప చూడలేదు. మీకెలా తెలుసండీ అని అడిగాను. ఆయన నా నోటివైపే చూస్తూ నవ్వారు గానీ జవాబు చెప్పలేదు. రెండోసారి అడిగాక అర్థమైంది, ఆయనకు వినపడదు.

వైమానిక దళంలో ఇంజిన్ ఫిట్టర్‌గా ఇరవై ఏళ్ళు మిగ్-21 కిందే బతికారట. బయటికొచ్చాక పంజాగుట్టలో జనరేటర్లు బాగుచేసే పని చాలాకాలం చేశారు. ఇప్పుడు అమీర్‌పేట సందులో, రెండు హాస్టళ్ళ మధ్య ఇరుక్కున్న మొదటి అంతస్తులో ఆయనా, ఆయన భార్యా. నేను బాబాయి గారూ అనీ, పిన్ని గారూ అనీ పిలవడం మొదలుపెట్టాను. వాళ్ళిద్దరూ నన్ను బిడ్డా అనేవారు. ఆదివారాలు ఆయన కూడా మేడ మీదికి రావడం మొదలుపెట్టాక మా కొట్లాటలన్నీ ఆగిపోయాయి. మేం పుస్తకాలు తిరగేసి తేల్చేది ఆయన ఒక్క చూపులో తేల్చేసేవారు. విమానం వస్తోందని మేం చేత్తో చూపిస్తే అప్పుడు తలెత్తేవారు.

పిన్ని గారికి మాత్రం మిగ్-21 పేరెత్తితే ఒళ్ళుమంట. "గది నాకు సవతి బిడ్డా. ఈయన చెవులు తిని కూసున్నది" అనేవారు. ఆమెది సన్నటి గొంతు. ఆ గొంతుతో అరవడం ఎంత కష్టమో చూస్తే తెలిసేది. చాయ్ తాగుతావా అన్న మాట మూడుసార్లు అని, నాలుగోసారి గ్లాసు తెచ్చి చేతిలో పెట్టేసేవారు. అలా క్రమంగా మాటలు తగ్గి, ఇంట్లో ముప్పావు వంతు సంసారం చేతిసైగల మీద నడిచేది. చెవి మిషన్ పెట్టుకోమని పిల్లలూ ఆమే ఎన్నేళ్ళుగా చెబుతున్నా ఆయన చెవిన వేసుకోలేదు. ముసలోడినైపోయానని ఊరంతా చాటుకోవాలా అనేవారు.

పోయినేడాది మిగ్-21కి రిటైర్మెంట్ అని ఖాయమైంది. సెప్టెంబరు చివర్లో చండీగఢ్‌లో వీడ్కోలు. ఆ వార్త కాగితం మీద పెద్దక్షరాలతో రాసి ఆయనకు చూపించాను. చాలాసేపు చదివారు, ఆ రెండు వాక్యాల్లో అంతసేపు చదవడానికి ఏమీ లేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఒక్కసారి మళ్ళీ దాని చప్పుడు వినాలని ఉంది బిడ్డా అన్నారు. అప్పుడే నాకు ఆ తెలివి పుట్టింది. మిషన్ పెట్టుకుంటే మళ్ళీ వినొచ్చు బాబాయి గారూ, వినిపించే పూచీ నాది అని, ఆ కాగితమే అడిగి తీసుకుని వెనక రాసి, కింద సంతకం కూడా పెట్టాను. పిన్ని గారు నావైపు చూసిన చూపులో ఎంత ఆశ ఉందంటే, నేను అప్పుడే కాస్త భయపడాల్సింది.

పంజాగుట్టలో చెవి మిషన్లు ఇచ్చే చోటికి ముగ్గురం వెళ్ళాం. అక్కడున్న డాక్టరమ్మ ఆయన్ని గాజుగదిలో కూర్చోబెట్టి గంటసేపు పరీక్ష చేసింది. సన్నటి శబ్దాలు బాగా పోయాయనీ, బొంగురు శబ్దాలు కాస్త మిగిలాయనీ చెప్పింది. మిషన్ పెట్టి, పిన్ని గారిని ఏదైనా మాట్లాడమంది. ఆమెకు ఏం మాట్లాడాలో తోచలేదు. ఆఖరికి, పొద్దున గోళీ వేసుకున్నవా అని మామూలుగా అడిగారు. ఆయన ఉలిక్కిపడి, "ఏసుకున్న" అన్నారు. పిన్ని గారు చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగారు.

నాకు నా గొడవ నాది. దీంతో జెట్ ఇంజిన్ చప్పుడు ఎలా వినపడుతుందని అడిగాను. డాక్టరమ్మ నవ్వి, ఈ మిషన్ మనుషుల గొంతుల కోసం చేసిందండీ, ఇంజిన్ హోరులాంటిది వస్తే అది అక్కర్లేని గోల అనుకుని తనే తగ్గించేస్తుంది, అది మంచిదే కదా అంది. కాస్త మార్చి చూస్తాను గానీ ఆశ పెట్టుకోవద్దని కూడా అంది. ఇంటికొచ్చే దారిలో ఆ ముక్క ఆయనకు నేను చెప్పలేదు. మెట్రోలో ఆయన స్టేషన్ పేరు ప్రకటించే గొంతును వింటూ చిన్నపిల్లాడిలా నవ్వుతున్నారు. ఎలా చెప్పను?

ఆ తర్వాత నేను చేసిన పని ఏమిటంటే, ఆఫీసుకు సెలవు పెట్టి రాజస్థాన్‌లో ఒక ఊరికి పోయాను. ఆఖరి మిగ్-21లు ఎగురుతున్న ఊరు అది. రెండు రోజులు రైల్లో. సైనిక స్థావరం దగ్గర ఫోటోలు తీయకూడదు, అందుకని కెమెరా ఇంట్లోనే వదిలేసి, శబ్దం పట్టే చిన్న రికార్డరు ఒక్కటే పట్టుకెళ్ళాను. లాడ్జి మేడ మీద ఎండలో గొడుగు వేసుకుని మూడు రోజులు కూర్చున్నాను. లాడ్జివాళ్ళు నన్ను ఏమనుకున్నారో నేను అడగలేదు. మూడోనాడు వచ్చింది, జంట. నా తలమీదుగా పైకి లేస్తూ బర్నర్ వేసినప్పుడు మేడ మీద ఖాళీ నీళ్ళ ట్యాంకు మోగింది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. రికార్డరు అంతా పట్టింది.

తిరిగొచ్చిన ఆదివారం అందరం ఆయన ఇంట్లోనే చేరాం. మా కంప్యూటర్ల మిత్రుడు స్పీకర్లు తెచ్చి పెట్టాడు. చప్పుడు మొదలవగానే కిటికీ అద్దాలు వణికాయి, పక్క హాస్టల్ పిల్లలు బాల్కనీలోకి వచ్చి ఆకాశంలోకి చూశారు. బాబాయి గారు స్పీకరు మీద అరచెయ్యి ఆనించి, తల వంచి కూర్చున్నారు. అయిపోయాక కూడా చెయ్యి తీయలేదు. నేను ఆయన మొహంలోకి చూస్తూ మెప్పు కోసం ఎదురుచూస్తున్నాను, దాచడమెందుకు?

"ఆగుడు లేదా?" అన్నారు.

నాకు అర్థం కాలేదు. లేచింది, పోయింది, ఆగడమేమిటి? ఆయన ఓపిగ్గా చెప్పారు. విమానం వచ్చి తన చోట నిలబడ్డాక పైలట్ ఇంజిన్ కట్టేస్తాడు. కానీ లోపలి చక్రాలు వెంటనే ఆగవు. సన్నటి ఈలగా మొదలై, దిగుతూ దిగుతూ, బొంగురుపోయి, చివర్లో రేకులు టకటకలాడి ఆగుతాయి. ఆ కాసేపు ఫిట్టర్ పక్కనే నిలబడి చేతిగడియారం చూస్తూ వినాలి. తొందరగా ఆగినా, మధ్యలో గరగర వచ్చినా, లోపల ఏదో ఒరుసుకుంటున్నట్టు. అలాంటి విమానాన్ని మర్నాడు పైకి పంపకూడదు. "ఉరిమేటప్పుడు అందరు ఇంటరు బిడ్డా. దాని పానం ఎట్లున్నదో ఆగేటప్పుడే తెలుస్తది. అందరు చెవులు మూసుకునే కాడ మేం తెరుసుకునేటోళ్ళం" అన్నారు. ఇది ఆగుతుంటే పక్కన ఇంకో నాలుగు విమానాలు మోగుతూనే ఉండేవట. ఆయన చెవులు పోయింది అక్కడ.

మేం అందరం, తోక మీద అంకెలన్నీ కంఠతా వచ్చినవాళ్ళం, ముఖాలు చూసుకున్నాం. మాలో ఎవ్వరి దగ్గరా అది లేదు. విమానం నేలకు దిగగానే రికార్డరు కట్టేసే జాతి మాది. దిగాక దానిలో మాకు చూడాల్సిందేముంది?

నాకు అక్కడ సిగ్గు వేయాల్సింది. కోపం వచ్చింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అసలే రైలు ప్రయాణంతో ఒళ్ళు పులిసిపోయి ఉంది, మూడు రోజుల ఎండదెబ్బ ఇంకా దిగలేదు. ఇంత చేస్తే బాగుందన్న మాట లేకుండా లేనిదేదో అడుగుతారా అనిపించింది. నోరు జారింది. "ఆగితే ఏంటి, ఆగకపోతే ఏంటి బాబాయి గారూ, మీకు ఎలాగూ వినపడదు కదా" అన్నాను.

అరవలేదు, మామూలు గొంతుతోనే అన్నాను. దరిద్రం ఏమిటంటే, జెట్ ఇంజిన్‌ను అడ్డుకున్న ఆ మిషన్ నా మాటను ఒక్క అక్షరం పోకుండా ఆయనకు అందించింది. "నిజమే బిడ్డా" అని, చెవిలోంచి దాన్ని తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి డబ్బాలో పెట్టారు. మా మిత్రుడు స్పీకర్ల వైర్లు చుట్టడంలో మునిగిపోయాడు. నేను చాయ్ కూడా తాగకుండా వచ్చేశాను.

ఆ తర్వాతి రెండు ఆదివారాలు ఆయన మేడ మీదికి రాలేదు. మూడో వారం పిన్ని గారే, మిత్రుడి మేడకు దగ్గర్లో ఉన్న మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. మోకాళ్ళ నొప్పులతో మూడంతస్తులు ఎక్కి, సోఫాలో కూర్చుని, ముందు నీళ్ళు తాగారు. తిడతారేమో అనుకున్నాను, తిడితే బాగుండేది.

మిషన్ డబ్బాలోంచి తీయడం లేదన్నారు. ఎవరు చెప్పినా వినడం లేదట. ఇక వినాల్సిందేమీ లేదు అంటున్నారట. "లగ్గమై నలభై ఎనిమిదేండ్లాయె బిడ్డా. అండ్ల ముప్పై ఏండ్లు నేను ఒర్రుడే. గా నెల దినాలు జర మెల్లగ మాట్లాడిన. రాత్రి పండుకున్నంక సుత ఏదో ఒకటి చెప్తుంటి. ఏం చెప్తి అంటే ఏం లేదు, కూరగాయల ముచ్చట, పొద్దుగాల ఎవలు ఎదురైనరు, గసొంటియే. గాయన ఊ అనేటోడు. గంతే. గది నాకు మల్ల గావాలె" అన్నారు.

విమానం గురించి ఆమె ఒక్క మాట అనలేదు.

ఆ రాత్రి నుంచి నాకు తెలిసిన విమానాల పిచ్చివాళ్ళందరికీ మెసేజులు పెట్టాను. ఢిల్లీలో, పుణెలో, బెంగుళూరులో. మిగ్-21 ఇంజిన్ కట్టేసినప్పటి చప్పుడు ఎవరి దగ్గరైనా ఉందా? గంటలకొద్దీ పైకి లేచే చప్పుళ్ళు పంపారు. ఆగే చప్పుడు ఒక్కరి దగ్గరా లేదు. కొందరు, అదెందుకు అని తిరిగి అడిగారు. ఒక్కడు మాత్రం పనికొచ్చే మాట చెప్పాడు. వీడ్కోలు రోజున విమానాలు దిగి, అతిథుల ఎదురుగా వచ్చి నిలబడ్డాక, అందరూ చూస్తుండగా ఆఖరిసారి ఇంజిన్లు కట్టేస్తారట. టీవీలో వస్తుంది.

వెంటనే ఆయన ఇంటికి పోయాను. తలుపు తీసి, రమ్మన్నట్టు తలాడించి, పక్కకు జరిగారు. మిషన్ లేదు కాబట్టి క్షమాపణ కూడా అరిచే చెప్పాల్సి వచ్చింది. "నాది తప్పు బాబాయి గారూ, నేను అనకూడని మాట అన్నాను" అని నేను గొంతు చించుకుంటుంటే, కింద క్లాసులకు పోయే పిల్లలు సందులో ఆగి పైకి చూశారు. ఆయన రెండోసారి, ఏమిటి అన్నట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టారు. మళ్ళీ అరిచాను. మూడోసారి అడిగినప్పుడు ఆయన మీసాల కింద నవ్వు కనపడింది. మొదటిసారే అర్థమైందన్నమాట. టీవీలో ఇంజిన్లు కట్టేసే సంగతి కాగితం మీద రాసి ఇచ్చాను. చదివి, లేచి వెళ్ళి డబ్బా తెచ్చుకున్నారు.

వీడ్కోలు పడిన ఆ శుక్రవారం నేను సెలవు పెట్టాను. మా మిత్రుడు తన పొద్దుటి క్లాసును సాయంత్రానికి మార్చుకుని, ఈసారి ఇంకా పెద్ద స్పీకర్లు ఆటోలో వేసుకొచ్చి టీవీకి తగిలించాడు. బతుకమ్మ రోజులు. పిన్ని గారు హాల్లో ఒక మూల పాతపేపరు మీద తంగేడు, గునుగు పోసుకుని కాడలు సరిచేస్తున్నారు. బాబాయి గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిగడియారం విప్పి అరచేతిలో పెట్టుకుని టీవీ ఎదురుగా మంచం మీద కూర్చున్నారు. డాక్టరమ్మ చేతనైనంత మార్చి ఇచ్చింది, మిషన్‌లో కొత్త బ్యాటరీ వేశాం. ఇక చేయగలిగింది ఏమీ లేదు.

విమానాలు వచ్చాయి. మూడేసి చొప్పున గీత గీసినట్టు పోయాయి, తిరిగొచ్చి ఒక్కొక్కటీ దిగాయి. రెండు వైపుల నుంచీ నీళ్ళు విల్లులా చిమ్ముతుంటే వాటి కిందనుంచి మెల్లగా నడిచొచ్చి వరసగా నిలబడ్డాయి. బాబాయి గారు లేచి నిలబడ్డారు. నేనూ లేచాను. పైలట్లు అద్దాల లోపలే ఉన్నారు. ఇప్పుడు, ఇప్పుడే అని మా మిత్రుడు వాల్యూమ్ మొత్తం పెంచాడు.

టీవీలో యాంకర్ మాట్లాడుతూనే ఉన్నాడు. ఒక యుగం ముగిసింది అంటున్నాడు. వెనక ఏడుపుగొట్టు వయొలిన్ ఒకటి. అది ఎంత చరిత్రాత్మక క్షణమో చెప్పడం కోసం ఆ క్షణాన్ని ఎవరికీ వినపడనివ్వలేదు మహానుభావుడు. నోరు మూసుకోవయ్యా అని నేను టీవీ మీద నిజంగానే అరిచాను. మా మిత్రుడు ఛానెల్ మార్చాడు, అక్కడ ఇంకొకడు, ఇంకో బాజా. మళ్ళీ మార్చాడు. అప్పటికి పైలట్లు నిచ్చెన దిగుతున్నారు.

బాబాయి గారు గడియారం మీంచి తలెత్తి నావైపు చూశారు. "ఆగినయా?"

ఆగాయని తలూపాను.

"నాకేం రాలె" అని, నెమ్మదిగా మంచం మీద కూర్చున్నారు. కోపం లేదు, నిష్ఠూరం లేదు. చెయ్యి చెవి దగ్గరికి పోయింది, మిషన్ తీయడానికి. నేను సంతకం పెట్టిన కాగితం ఇంకా ఆయన జేబులోనే ఉంటుందేమో అనిపించి నాకు ఏడుపొచ్చేసింది. నలభై ఏళ్ళు దాని వెంట పడ్డాను, దాని గురించి నాకు తెలియనిది లేదని విర్రవీగాను. ఆయనకు కావాల్సిన కాసింత చప్పుడు ఇవ్వడం నాకు చేతకాలేదు.

"తియ్యకు" అన్నారు పిన్ని గారు.

పూలు పక్కకు తోసి, చేతులు చెంగుకు తుడుచుకుని, గోడ పట్టుకుని లేచి వచ్చి ఆయన పక్కన కూర్చున్నారు. మాకు చెబుతున్నట్టుగానే మాట్లాడారు గానీ చూపు ఆయన మీదే ఉంది. "క్వార్టర్ల ఉన్నప్పుడు దినాం ఇనేదాన్ని. మా ఎనకనే నిలబెట్టేటోళ్ళు వాటిని. ఆఖరుది ఆగినంక ఇగ ఈయన ఇంటికొస్తడని బియ్యం కడుగుతుంటి. దానికంటె ముంగట కడిగితే అన్నం సల్లారుతది." తర్వాత ఆయన మణికట్టు మీద తట్టి, "గడియారం సూడు" అన్నారు.

ఆయన చెవి దగ్గర నోరు పెట్టి మొదలుపెట్టారు. ముందు పళ్ళ సందునుంచి సూదిలా సన్నటి ఈల. అది నాకే సరిగ్గా వినపడలేదు. తర్వాత అది గొంతులోకి దిగింది, అక్కణ్ణుంచి ఛాతీలోకి, ఒక్కో మెట్టూ దిగుతూ, బరువెక్కుతూ. డెబ్బై ఏళ్ళ మనిషి అలాంటి శబ్దం చేయగా నేనెప్పుడూ వినలేదు. నవ్వు రాలేదు. ఎక్కడో దిగువకు వచ్చాక బాబాయి గారి భుజాలు కదిలాయి. చూపు మాత్రం గడియారం ముల్లు మీంచి తీయలేదు. చివర్లో ఆమె నాలుకతో టక్, టక్, టక్ మని, ఒక్కోదానికీ మధ్య ఎడం పెంచుకుంటూ, ఆపేశారు.

ఆయన ఇంకా ముల్లు వైపే చూస్తున్నారు. "జల్ది ఆగింది. ఏడనో ఒరుస్తున్నది" అన్నారు.

"ఒరుస్తలేదు. నాకే దమ్ము సాల్తలేదు."

"మల్ల జెయ్యి."

ఆమె నీళ్ళు తాగి, గుండెల నిండా గాలి పీల్చి, మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి తొందరపడలేదు. మా మిత్రుడు టీవీ కట్టేశాడు. ఈల దిగింది, బొంగురు దిగింది, ఊపిరి అయిపోతుందేమో అనుకున్న చోట కూడా దాటింది. ఆమె మెడ నరాలు పైకి తేలాయి. ఆయన గడియారం ఉన్న అరచెయ్యి అలాగే ఉంచి, రెండో చేత్తో ఆమె చెయ్యి పట్టుకున్నారు. చివరి టక్ తర్వాత కూడా ఇంకా ఏమైనా వస్తుందేమోనని కాసేపు ఆగారు. అప్పుడు గడియారం మీదుగా పిడికిలి ముడిచారు.

"మంచిగున్నది. రేపు లేపొచ్చు" అన్నారు ఆమెతో.